అరిగిన ట్రాక్టరు బ్లాకు: అపోహలు - వాస్తవాలు

కావలి దగ్గర హైవే పక్కన ఇంజన్ బోరింగ్ షెడ్డు నాది. ఎడగారు కోతలు ముగిసి, పెద్ద పంటకు దమ్ములు మొదలయ్యేలోపు దొరికే కొద్ది వారాల్లోనే పాత ట్రాక్టర్లన్నీ మా షెడ్డుకు వస్తాయి. రైతు తొందరలో న్యాయముంది. అయితే ఆ తొందరలో బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇంజను పోత భాగం, పనికొస్తుందా లేదా అన్నది కంటితో చూసి, వేలితో తడిమి తేల్చేయడం మా వృత్తిలో మామూలైపోయింది. నేను విభేదించేది అక్కడే.

అపోహ: పొగ వస్తోందంటే పిస్టను రింగులు పోయినట్టే, రింగులు మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: ముందు పొగ రంగు చూడాలి. నల్లపొగకు కారణం చాలాసార్లు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరో, డీజిలు చిమ్మే నాజిలు చెడడమో అయివుంటుంది. దానికి ఇంజను విప్పనక్కర లేదు. నీలిపొగతోపాటు బ్రీదరు గొట్టం (ఇంజను లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి ఆవిరి బుసకొడుతుంటే అప్పుడు బోరును, అంటే పిస్టను ఆడే సిలిండరు రంధ్రాన్ని, అనుమానించాలి. బోరు పైనుంచి కిందికి సమానంగా అరగదు. పై రింగు పైకి వెళ్లి వెనుదిరిగే చోట వేడీ ఒత్తిడీ ఎక్కువ, ఆయిలు పొర పలచన. కాబట్టి అరుగుదల అక్కడే అధికం. దానికి పైన రింగు తగలని భాగం అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనే ఒక బండికి ఆ గట్టును పట్టించుకోకుండా కొత్త రింగులు వేసి పంపాను. పాత రింగు అంచు అరిగి గుండ్రబడి ఉంటుంది, కొత్తదాని అంచు పదునుగా ఉంటుంది; అది గట్టుకు కొట్టుకుని నెల తిరగకముందే విరిగి, పిస్టను గాడిని కూడా పాడుచేసింది. ఆ ఖర్చు నేనే భరించాను.

అందుకే బోర్ డయల్ గేజీతో పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కో చోట క్రాంకు పొడవు వెంట ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. కనెక్టింగ్ రాడ్డు పిస్టనును అడ్డంగా నెడుతుంది గనుక బోరు అండాకారంగా అరుగుతుంది, ఒక్క దిశలో కొలిస్తే అది బయటపడదు. పైన వ్యాసం పావు మిల్లీమీటరు పెరిగిందంటే అక్కడ రింగు రెండు కొసల మధ్య సందు సుమారు 0.78 మి.మీ. పెరుగుతుంది, ఏ కంపెనీ రింగైనా ఈ లెక్కను తప్పించలేదు. ఎండలో ఉన్న బ్లాకును లోపలికి తెచ్చిన వెంటనే కొలవడం కూడా పొరపాటే. 20 డిగ్రీల తేడాకు 91 మి.మీ. బోరు సుమారు 0.02 మి.మీ. మారుతుంది.

అపోహ: బోరు పూర్తిగా అరిగితే బ్లాకు పాత ఇనుముకే.

వాస్తవం: లైనరు (బోరులో అమర్చే విడి గొట్టం) లేని బ్లాకైతే ఓవర్‌సైజు పిస్టను దొరికినంత వరకు, 20 థౌ, 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఇలా బోరు పెద్దది చేయించవచ్చు, ఆ తర్వాత స్లీవు అనే గొట్టం వేసి మళ్లీ మొదటి సైజుకు తేవచ్చు. మాస్సీ ఫెర్గూసన్ 135లో వచ్చిన పెర్కిన్స్ ఏడీ3.152 వంటి ఇంజనులో నీరు నేరుగా తగలని డ్రై లైనర్లే ఉంటాయి, 91.44 మి.మీ. బోరు అరిగితే లైనర్లు మార్చడమే పని. లైనరును సుత్తితో కొట్టి దించకూడదు, ప్రెస్సుతోనే దించాలి. చుట్టూ నీరు తగిలే వెట్ లైనరైతే కింది రబ్బరు రింగులకు సబ్బునీరు రాసి చేత్తో నొక్కితే దిగాలి. దిగాక అంచు బ్లాకు ముఖం కంటే ఎంత పైకి ఉందో డయల్ గేజీతో చూసి తయారీదారు పుస్తకంతో సరిచూడాలి.

అపోహ: రేడియేటరులో ఏ నీళ్లు పోసినా ఒకటే.

వాస్తవం: కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే బ్లాకుల నీటి దారుల్లో గట్టి సున్నపు పెచ్చులు కట్టి ఉండడం నేను తరచూ చూస్తాను. అక్కడి బోరుబావి నీటి కాఠిన్యమే దానికి కారణం. పెచ్చు వేడిని బయటికి పోనివ్వదు. వెట్ లైనర్లకు మరో గండం ఉంది: లైనరు అదిరినప్పుడు పుట్టే ఆవిరి బుడగలు దాని వెలుపలి గోడ మీద చిట్లి, సూదితో పొడిచినట్టు గుంటలు చేస్తాయి. కూలెంటు కలపని నీటిలో ఇది త్వరగా ముదురుతుంది.

వేడెక్కిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించడం వల్ల వచ్చే పగుళ్లు వేరే కథ. పోత ఇనుముకు మామూలు రాడ్డుతో వెల్డింగు పెడితే అతుకు పక్కన పెళుసెక్కి మళ్లీ పగులుతుంది. పగులు రెండు కొసల్లో రంధ్రం వేసి ఆపి, మెటల్ స్టిచింగు (వేడి లేకుండా లోహపు ముక్కలతో కుట్టినట్టు బిగించడం) గానీ, నికెల్ రాడ్డుతో కొద్దికొద్దిగా అతుకు గానీ చేసి, తర్వాత ప్రెషర్ టెస్టు చేయాలి. లారీకి ఉన్నట్టు ట్రాక్టరుకు వేరే ఛాసిస్ ఉండదు. ముందు ఇరుసు, ఇంజను, గేరుబాక్సు బోల్టులతో బిగిసి అవే వెన్నెముక అవుతాయి. కేజ్ వీల్స్‌తో (ఇనుప పంజరం చక్రాలతో) దమ్ము చేసేటప్పుడు ఆ మెలి బ్లాకు మీదా పడుతుంది. కాబట్టి బోల్టు రంధ్రాల దగ్గర పగులు ఉంటే నేను అతకను, బ్లాకు మార్చమనే చెబుతాను.

అపోహ: బోరు అద్దంలా మెరవాలి.

వాస్తవం: మెరిసే గోడ మీద ఆయిలు నిలవదు. హోనింగులో (రాపిడి రాళ్లతో బోరును నునుపు చేసే పనిలో) ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే సన్నని గీతలు పడాలి. ఆ పని తర్వాత డీజిలుతో తుడిస్తే రాపిడి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడి సబ్బునీటితో బ్రష్షు పెట్టి కడిగి, ఆయిలు రాసిన తెల్లగుడ్డకు మసి అంటనంత వరకు తుడవాలి.

అపోహ: కొత్త ఇంజనును రోజంతా ఖాళీగా తిప్పితే సెట్టవుతుంది.

వాస్తవం: రింగును గోడకు అదిమేది ముఖ్యంగా దాని వెనుక చేరే వాయువు ఒత్తిడి, లోడు లేకుండా తిప్పితే అది చాలదు, గోడ నునుపెక్కి ఆయిలు తాగడం మొదలవుతుంది. ఇంజను వేడెక్కాక తేలికపాటి దున్నకంలో, వేగాన్ని మారుస్తూ నడపాలి. మొదటి 50 గంటలకు ఆయిలూ ఫిల్టరూ మార్చడానికి బండి తెమ్మని నేను బిల్లు వెనుకే రాసిస్తాను. తెచ్చేవారు సగం మందే.