చిలకపిల్లకు చేతిమేత: మా వరంగల్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఎండలు ముదరడం మొదలైందంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. "అన్నా, పిల్లను తెచ్చినం, నోరు తెరుస్తలేదు, ఏం జెయ్యాలె?" హన్మకొండలో పన్నెండేళ్లుగా కాకటీల్స్, లవ్‌బర్డ్స్ అనే చిన్న చిలక జాతి పిట్టల్ని పెంచుతున్నా. నేను చూసినంతలో ఇళ్లల్లో ఆకలికి చచ్చే పిల్లలు తక్కువ. ప్రేమగా, తొందరగా, తప్పుగా తినిపిస్తే చచ్చేవే ఎక్కువ.

అపోహ: రామచిలక మన ఊరి పిట్టే కదా, పెంచుకుంటే ఎవరడుగుతారు?

అడుగుతారు. శివరాత్రి తర్వాత తాటిమొద్దుల తొర్రల్లోంచి, పాత గోడల సందుల్లోంచి ఈకలు కూడా రాని పిల్లల్ని దింపి సంచుల్లో తెచ్చి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. జాలిపడి కొన్నా నేరమే. మీరు కొంటేనే వాడు రేపు ఇంకో తొర్రలో చెయ్యి పెడతాడు. చెట్టు కింద పడ్డ పిల్ల దొరికితే, తొర్ర అందితే తిరిగి అందులోనే పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానియ్యదన్నది ఉత్తమాట. తొర్ర అందకపోతే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. ఇక ముందు చెప్పేదంతా కాకటీల్, లవ్‌బర్డ్ లాంటి పంజరంలో పుట్టిన పిట్టల సంగతి.

అపోహ: వేలు పెట్టి చూస్తే వేడి తెలిసిపోతుంది.

తెలియదు. మొదట్లో నేనూ అట్లనే చూసేవాణ్ని. ఒకరోజు పొద్దున ఫార్ములా, అంటే పొడిని నీళ్లలో కలిపి చేసే పిల్లల మేత, మైక్రోవేవ్‌లో పెట్టి, పైపైన కలిపి, వేలికి గోరువెచ్చగా తగిలితే సరే అనుకుని పెట్టేశా. మైక్రోవేవ్ వేడి గిన్నెంతా ఒకేలా ఉండదు, ఒక మూల చల్లగా, ఒక మూల సలసల. పిల్ల మామూలుగానే తిన్నది, మామూలుగానే పడుకుంది. ఐదారు రోజులకు రొమ్ము పైభాగాన నల్లగా పక్కు కట్టింది. ఇంకో రెండు రోజులకు పెట్టిన మేత పెట్టినట్టే ఆ పక్కు అంచుల్లోంచి కారి, కింద ఈకలన్నీ తడిసి అట్టకట్టాయి. మెడ కింద మేత నిలిచే సంచిని మేం క్రాప్ అంటాం. అది కాలి చిల్లు పడింది. డాక్టర్ కుట్లు వేస్తే బతికింది.

అప్పటి నుంచి థర్మామీటర్ లేనిదే చెంచా ముట్టను. 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య పెట్టాలి. 43 దాటితే కాలుతుంది. బాగా చల్లారితే పిల్ల మొహం తిప్పుకుంటుంది, తిన్నది కూడా క్రాప్‌లోనే కదలకుండా ఉండిపోతుంది. గిన్నెను వేడినీళ్లలో నిలబెట్టి వెచ్చబెట్టుకోండి. రెండో పిల్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చూడండి.

అపోహ: అరిచినప్పుడల్లా ఆకలే, పెట్టాల్సిందే.

పిల్ల చలికీ అరుస్తుంది, అలవాటుకీ అరుస్తుంది. అరుపును కాదు, క్రాప్‌ను చూడాలి. తిన్నాక అది నీళ్లు పోసిన బుడగలా మెత్తగా ఉండాలి, బిగుసుకోకూడదు. ఒక పూటకు పిల్ల బరువులో పదో వంతు చాలు: 60 గ్రాముల పిల్లకు 6 మిల్లీలీటర్లు. మూడు వారాల కాకటీల్‌కు నాలుగైదు గంటలకోసారి పెట్టి, రాత్రి వదిలెయ్యాలి. తెల్లారేసరికి క్రాప్ పూర్తిగా ఖాళీ కావాలి. కాలేదంటే పాత మేత మీద కొత్త మేత పొయ్యకండి, లోపల పులిసిపోతుంది. పిల్లను వెచ్చగా ఉంచి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. రోజూ పొద్దున మొదటి మేతకు ముందు గ్రాముల తూకం మీద పెట్టి రాసుకోండి. పిల్ల డీలా పడకముందే తూకం చెప్పేస్తుంది.

అపోహ: సిరంజి గొంతులోకి దించి నొక్కితే పని తొందరగా అయిపోతుంది.

పిల్ల ప్రాణం కూడా తొందరగానే పోతుంది. నాలుక మొదట్లోనే ఊపిరి రంధ్రం ఉంటుంది. ఆకలిగా ఉన్న పిల్ల బోరింగు కొట్టినట్టు తల ఊపుతూ మింగుతుంది. ఆ ఊపు ఉన్నంతసేపే మేత పొయ్యాలి, ఆగితే మీరూ ఆగాలి. దాని ఎడమ వైపు నుంచి పెట్టి కుడి వైపు గొంతులోకి పోయేలా చూడండి, అన్నవాహిక మెడకు కుడి పక్కన ఉంటుంది. కొత్తవాళ్లకు నేను సిరంజి కూడా చెప్పను. స్టీలు చెంచా అంచులు రెండూ లోపలికి వంచితే చిన్న దొన్నెలా అవుతుంది, పిల్ల తన వేగాన తాగుతుంది. ఎండకు దాహమేస్తుందని నోట్లో నీళ్ల చుక్కలు వెయ్యడం కూడా ఇలాంటిదే, అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఫార్ములాలోనే కావలసినన్ని నీళ్లుంటాయి.

అపోహ: పాలన్నం, పాలలో కలిపిన బిస్కెట్ పెడితే బలం.

పాలలోని చక్కెరను పిట్టలు అరిగించుకోలేవు, విరేచనాలు పట్టుకుంటాయి. "మరి పావురం పాలో?" అని ఒకాయన నన్ను నిలదీశాడు. అవి దాని క్రాప్‌లో ఊరేవి, బర్రె ఇచ్చేవి కావు. అమ్మమ్మలు నమిలి పెట్టే ముద్ద కూడా వద్దు, మన నోటి క్రిములు దానికి పడవు. చిలక పిల్లల ఫార్ములా పొడే వాడండి, కలిపినదాంట్లో మిగిలింది పారబొయ్యండి.

అపోహ: పచ్చిమిర్చి తినిపిస్తే మాటలొస్తాయి.

మిర్చి ఘాటు పిట్టలకు తెలియదు. కారం తక్కువుండే చపాట మిర్చి పెట్టినా, మండే తేజ మిర్చి పెట్టినా దానికి ఒకటే. మాట పుట్టేది ఊపిరిగొట్టం అడుగున ఉండే స్వరపేటికలో.

అపోహ: చేత్తో పెంచితేనే మచ్చిక అవుతుంది, అందుకే పది రోజుల పిల్లనే తెచ్చుకోవాలి.

నా బేరం పోయినా సరే, ఇది చెప్పాలి. తల్లిదండ్రులు పెంచుతున్న పిల్లను రోజుకు పది పదిహేను నిమిషాలు చేతిలోకి తీసుకుంటే చాలు, చక్కగా మచ్చిక అవుతుంది. పది రోజుల పిల్లకు ఒంటి మీద ఈకలుండవు, ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీల వెచ్చదనం కావాలి. మన ఏప్రిల్‌లో కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే పిల్లను పెట్టిన డబ్బానే పొయ్యి అవుతుంది. రెక్కలు విప్పి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువైనట్టు. వీలైతే సొంతంగా తినడం నేర్చిన పిల్లనే కొనండి.

ఆ నేర్చుకోవడాన్ని కూడా తొందరపెట్టొద్దు. "ఆరు వారాలైంది, బంద్ చేసినం" అని కొందరు గొప్పగా చెప్తారు, వారం తిరిగేసరికి పిల్ల రొమ్ము ఎముక కత్తిలా తేలి ఉంటుంది. ఐదో వారం నుంచి పంజరంలో కొర్ర కంకి ఒకటి వేలాడదీయండి. ముందు దాంతో ఆడుకుంటుంది, సగం కింద పారేస్తుంది, తర్వాత గింజ ఒలవడం పట్టుబడుతుంది. పగటి మేత అదే మానుకుంటుంది. సాయంత్రం పూట మాత్రం ఇంకొన్నాళ్లు అడుగుతుంది, అడిగినన్ని రోజులూ పెట్టండి.