కెన్యా బడిలో బోర్డు మీద రాసిన అంకెలు

2004లో పశ్చిమ కెన్యాలోని 71 బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకే ఒక్క పీరియడ్ పాఠం చెప్పారు. బయటి నుంచి వచ్చిన ట్రైనర్ చిన్న వీడియో చూపించి, కిసుము పట్టణంలో ఏ వయసువాళ్ళలో ఎంతమందికి హెచ్‌ఐవీ ఉంటుందో ఊహించమన్నారు. తర్వాత అసలు అంకెలు బోర్డు మీద రాశారు. 15-19 ఏళ్ళ అబ్బాయిల్లో నూటికి 4. 20-24 వాళ్ళలో 13. 25-29 వాళ్ళలో 28. ముప్పైల్లో ఉన్న మగవాళ్ళలో 32. మరి 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో? 22.

ఈడు ఒకటే అయినా అబ్బాయిల్లో 4, అమ్మాయిల్లో 22 ఎలా అయింది? శరీర నిర్మాణం వల్ల ఆడవాళ్ళకు వైరస్ సోకే అవకాశం కొంత ఎక్కువే. కానీ ఇంత తేడాకు ప్రధాన కారణం ఆ బోర్డు మీదే ఉంది. అమ్మాయిలకు అది వస్తున్నది ఎక్కువగా తోటి పిల్లల నుంచి కాదు, వయసులో పెద్దవాళ్ళ నుంచి. స్కూలు ఫీజు కట్టి, బట్టలు కొనిపెట్టే ఇలాంటి మగవాళ్ళకు అక్కడ ‘షుగర్ డాడీ’ అని పేరు. ఉద్యోగం ఉంది, పద్ధతిగా కనిపిస్తాడు, ఇతనితో భయమేముంది అనిపించే మనిషి.

ఈ ప్రయోగం చేసింది పాస్కలిన్ దుపా అనే ఆర్థికవేత్త. ఏడాది తర్వాత చూస్తే, పాఠం వినని బడులతో పోలిస్తే, విన్న బడుల అమ్మాయిల్లో గర్భాలు 28 శాతం తగ్గాయి. తగ్గినవి ముఖ్యంగా పెద్దవాళ్ళ వల్ల వచ్చేవే. హెచ్‌ఐవీని వదిలి గర్భాలను ఎందుకు లెక్కపెట్టారంటే, కండోమ్ లేని కలయికకు గర్భం కంటికి కనబడే సాక్ష్యం. వైరస్ సంగతి అంత త్వరగా బయటపడదు.

అదే ప్రాంతంలో ప్రభుత్వ సిలబస్ చెప్పడానికి టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చిన బడులూ ఉన్నాయి. పెళ్ళయ్యేదాకా ఆగండి అన్నదే ఆ సిలబస్ సారాంశం. అక్కడ గర్భాలు తగ్గలేదు. గర్భం వచ్చినవాళ్ళలో పెళ్ళి చేసుకున్నవాళ్ళ వాటా మాత్రం పెరిగింది. పెళ్ళయితే చాలు, ఇక భయం లేదన్న ధీమాను నేనైతే నమ్మను. మన దేశంలోనూ చాలామంది ఆడవాళ్ళకు ఈ వైరస్ భర్త నుంచే వచ్చింది.

కిసుము అంకెలు తెచ్చి గుంటూరులోనో వరంగల్‌లోనో చెబితే పని జరగదు. 2021 అంచనాల ప్రకారం పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ దేశంలో 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47, మిజోరంలో 2.70. మిజోరంలో పాఠం చెబుతూ సిరంజి పంచుకోవడం గురించి ఎత్తకపోతే అది సగం పాఠమే. 2017 సర్వేలో ఇంజెక్షన్ డ్రగ్స్ వాడేవాళ్ళలో 6 శాతానికి పైగా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో 3 శాతానికి పైగా హెచ్‌ఐవీ కనిపించింది. మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాళ్ళలోనూ 2.7 శాతం దాకా ఉంది. మన పాఠాల్లో మాత్రం ఎప్పుడూ ఒక మగ, ఒక ఆడ, మధ్యలో పెళ్ళి. సాటి అబ్బాయిని ఇష్టపడే కుర్రాడు ఇది నా గురించి కాదులే అనుకుని పుస్తకం మూసేస్తాడు. బోర్డు మీది బొమ్మ చూడలేని పిల్ల, మాట వినిపించని పిల్లాడు ఎలాగూ లెక్కలో ఉండరు.

అసలు పాఠమే లేకపోతే ఈ గొడవంతా ఎందుకంటారా? నిజమే. ఎదిగే వయసు మార్పులు, హెచ్‌ఐవీ గురించి బడి పిల్లలకు చెప్పడానికి మన దేశంలో 2005లో కౌమార విద్య కార్యక్రమం మొదలైంది. 2007కల్లా మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు బొమ్మలు బాగోలేవు, మన సంస్కృతి కాదు అంటూ ఆపేశాయి. ఆపని చోట కూడా ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అనే మాస్టార్లకు కొదవ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీ గురించి సమగ్రంగా తెలిసిన ఆడవాళ్ళు 21.6 శాతం, మగవాళ్ళు 30.7 శాతం.

తెలియాల్సినవేమో చాలా మామూలు సంగతులు. వైరస్ సోకిన మర్నాడే పరీక్ష చేయిస్తే నెగెటివ్ వస్తుంది, అది నమ్మదగ్గది కాదు. రకాన్ని బట్టి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా ఆగి మళ్ళీ చేయించుకోవాలి. వైరస్ సోకి ఉండొచ్చనిపిస్తే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్‌ను చాలావరకు ఆపొచ్చు. ఆ 72 గంటల్ని పిల్లలు టెన్షన్‌తో, ఎవరికి చెప్పాలో తెలియక పోగొట్టుకుంటారు. ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కోసం ఉండే ఐసీటీసీ సెంటర్‌లో పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బు పడదు.

ఇంకొకరినీ మర్చిపోతాం. పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉండి, రోజూ మాత్ర వేసుకుని బడికొచ్చే పిల్లలు. హెచ్‌ఐవీ అంటే చావే అన్నట్టు భయపెట్టే పుర్రె బొమ్మ పోస్టర్‌ను వాళ్ళూ చూస్తారు. మందులతో రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గితే, అది కలయిక ద్వారా ఇతరులకు పాకదు. 2019లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనంలో ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న 782 పురుష జంటల్లో ఒక్కరికీ భాగస్వామి నుంచి సోకలేదు. రేపు పెళ్ళి చేసుకోవచ్చనీ, మందులు సరిగ్గా వాడితే హెచ్‌ఐవీ లేని బిడ్డను కనొచ్చనీ ఆ పిల్లలు తమ క్లాసులోనే వినాలి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తమకు హెచ్‌ఐవీ ఉందని వాళ్ళు టీచరుకు చెప్పాల్సిన పనిలేదు.