అడిగినవారికి సమాధానం: సామాన్య విశ్వాసి చేయి దాటిపోయిన పని

వ్యక్తిగత సువార్త మీద శిక్షణ అంటే ఇవాళ సంఘాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు పద్ధతులు. ఒకటి, కరపత్రంలోని వరుసను కంఠస్థం చేయించడం. రెండోది, పేరున్న వక్తలు నాస్తికులతోనో ఇతర మతాల పండితులతోనో చేసిన వాదనల వీడియోలు చూపించడం. మొదటిది నేర్చుకున్నవారు ఎదుటివారు మధ్యలో ఒక్క ప్రశ్న వేస్తే ఆగిపోతారు. రెండోది చూసి వచ్చినవారు అవతలివారు నోరు తెరవకముందే జవాబు మొదలుపెడతారు. ఈ రెండు ఇబ్బందులూ నిన్న మొన్న పుట్టినవి కావు.

విశ్వాస సమర్థన గురించి ఎవరు మాట్లాడినా 1 పేతురు 3:15 దగ్గర మొదలుపెడతారు. ఆ పత్రిక ఎవరికి వెళ్లిందో మాత్రం తక్కువమంది చూస్తారు. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదిరి ఉన్నవారికి అది వెళ్లింది. వారిలో కఠినులైన యజమానుల కింద పనిచేసే దాసులున్నారని రెండో అధ్యాయం చెబుతుంది. వాక్యానికి లోబడని భర్తలతో కాపురం చేసే భార్యలున్నారని మూడో అధ్యాయం చెబుతుంది. మీలోని నిరీక్షణ గురించి హేతువు, అంటే కారణం, అడిగే ప్రతివానికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నది వీళ్లతోనే. పైగా ఆ మాటకు షరతులున్నాయి: అడిగినప్పుడు చెప్పాలి, సాత్వికంతో, భయంతో చెప్పాలి, మంచి మనస్సాక్షితో ఉండాలి. చివరి షరతు పదహారో వచనంలో ఉంది. పదిహేనుతో ఆపేసే ప్రసంగాల్లో అది వినిపించదు.

అదే బితూనియ-పొంతు ప్రాంతానికి రోమా అధికారిగా వచ్చిన ప్లినీ, సుమారు 112లో చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. క్రైస్తవులని ఎవరైనా ఫిర్యాదు చేస్తే వారిని పిలిపించి, క్రైస్తవులేనా అని మూడుసార్లు అడిగేవాడు. ఒప్పుకొని పట్టు విడవనివారికి మరణశిక్ష వేసేవాడు. కాదన్నవారు చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం, ద్రాక్షారసం అర్పించి క్రీస్తును దూషించాలి. నిజం రాబట్టాలని, సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టించాడు. విచారణలో తేలింది ఇంతే: నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడతారు, దొంగతనం, వ్యభిచారం చేయబోమని, ఇచ్చిన మాట తప్పబోమని ప్రమాణం చేస్తారు, తర్వాత కలిసి మామూలు భోజనం చేస్తారు.

‘మామూలు భోజనం’ అని నొక్కి రాయడానికి కారణముంది. క్రైస్తవులు నరమాంసం తింటారనీ, అన్నాచెల్లెళ్లు వరస తప్పుతారనీ, దేవుళ్లే లేని నాస్తికులనీ ఆ కాలంలో పుకార్లు నడిచేవి. ప్రభువు శరీరం, రక్తం అన్న మాటలు, ఒకరినొకరు సహోదరుడా, సహోదరీ అని పిలుచుకోవడం, విగ్రహాలు లేకపోవడం బయటివారికి అలా అర్థమయ్యాయి. 177 ప్రాంతంలో అథెనాగొరస్ అనే క్రైస్తవ రచయిత చక్రవర్తులకు రాసిన విన్నపం ఈ మూడు నేరారోపణలనే ఒక్కొక్కటిగా తీసుకుని జవాబిచ్చింది. అంతకు ముందే, 155 ప్రాంతంలో, జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు చక్రవర్తి ఆంటొనైనస్ పయస్‌కు రాసిన సమర్థనలో ఆదివారం కూడికలో ఏం జరుగుతుందో వరుసగా వివరించాడు. అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల గ్రంథాలో సమయం ఉన్నంతసేపు చదువుతారు, అధ్యక్షుడు బోధిస్తాడు, అందరూ లేచి ప్రార్థిస్తారు, రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం పంచుతారు, రానివారికి పరిచారకులు పట్టుకెళతారు, పోగైన కానుకలు తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు వెళతాయి. తత్వశాస్త్రం క్షుణ్ణంగా చదివినవాడు నింద పోగొట్టడానికి ఎంచుకున్న దారి ఇది: తలుపు తీసి లోపల జరిగేది చూపించడం. సుమారు 165లో రోములో జస్టిన్‌తోపాటు శిక్ష పడిన ఆరుగురిలో యుయెల్పిస్తు అనే రాజదాసుడు ఉన్నాడు. న్యాయాధిపతి అడిగితే తాను క్రైస్తవుడిననీ, క్రీస్తు తనను స్వతంత్రుణ్ణి చేశాడనీ చెప్పాడు.

విశ్వాసాన్ని మోసుకెళ్లింది ఎవరో విరోధే రాసిపెట్టాడు. రెండో శతాబ్దం చివర్లో సెల్సస్ అనే రచయిత క్రైస్తవుల మీద ఒక పుస్తకం రాస్తూ, ఉన్ని పనివారు, చెప్పులు కుట్టేవారు, బట్టలు ఉతికేవారు యజమానుల ముందు నోరు మెదపరనీ, పిల్లలూ స్త్రీలూ ఒంటరిగా దొరికితే మాత్రం గొప్ప సంగతులు చెబుతారనీ వెక్కిరించాడు. సుమారు 248లో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు ఎనిమిది సంపుటాల్లో దానికి జవాబిచ్చాడు. సెల్సస్ పుస్తకం కాలగర్భంలో కలిసిపోయింది. అయినా అందులో చాలా భాగం మనకు తెలుసు, ఎందుకంటే ఓరిగెన్ ప్రతివాది వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసి, ఆ తర్వాతే జవాబు చెప్పాడు. ఎదుటివారి మాటను వారే ఒప్పుకునేంత సరిగ్గా తిరిగి చెప్పలేనివారు జవాబుకు దిగకూడదు. ఇప్పటి వాదనల వీడియోల్లో అన్నిటికన్నా అరుదుగా కనిపించేది ఇదే.

313లో హింస ఆగింది. 380లో చక్రవర్తి థియొడోసియస్ శాసనంతో క్రైస్తవం రాజ్యమతమైంది. ఇక హేతువు అడిగేవారి స్థానం మారిపోయింది: ఒకప్పుడు అధికారంలో ఉన్నవారు అడిగేవారు, ఇప్పుడు అధికారం జవాబు చెప్పేవారి వైపు వచ్చింది. 1263లో స్పెయిన్‌లోని బార్సెలోనాలో అరగోన్ రాజు జేమ్స్ సమక్షంలో యూదు పండితుడు నహ్మనిదీస్‌కూ, యూదుమతం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన పాబ్లో క్రిస్టియానికీ చర్చ పెట్టారు. నహ్మనిదీస్ రావడం ఇష్టంతో కాదు, రాజాజ్ఞతో. తన వైపు వాదన రాసి ఉంచినందుకు ఆయన మీద అభియోగం మోపారు, చివరికి దేశం వదలాల్సి వచ్చింది. క్రైస్తవ ప్రసంగాలు విని తీరాలని యూదులకు ఆజ్ఞలు వచ్చాయి. అడగనివారికి, కాదనే వీలు లేనివారికి చెప్పే జవాబును పేతురు చెప్పిన సమాధానం కింద లెక్కించలేం. ఆ గాయం వల్ల ఇప్పటికీ చాలామంది యూదులకు ‘సువార్త’ అన్న మాటే బెదిరింపులా వినిపిస్తుంది.

ఐరోపాలో పద్దెనిమిదో శతాబ్దంలో ప్రశ్న మళ్లీ వచ్చింది, ఈసారి లోపలినుంచి. అద్భుతం జరిగిందన్న సాక్ష్యాన్ని ఎందుకు నమ్మాలని 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అడిగాడు. 1794లో ఇంగ్లండు మతబోధకుడు విలియం పేలీ ఆధారాలు పేర్చి న్యాయస్థానంలో వాదించినట్టు జవాబు రాశాడు. ఆధారాలు, సాక్షులు, తీర్పు అన్న ఈ బాణీయే నేటి సమర్థన పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది. దానితోపాటు సమర్థన పని చదువుకున్నవారిదైపోయింది. చదువుకున్నవారికీ అది ప్రతిసారీ కుదరలేదు. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో జర్మన్ మిషనరీ ఫాండర్, ముస్లిం పండితుడు రహ్మతుల్లా కైరానవీతో బహిరంగ చర్చకు దిగాడు. ఐరోపా బైబిలు విమర్శకుల పుస్తకాలను అవతలి పక్షం ముందే చదివి తెచ్చుకుంది. బైబిలు చేతిరాత ప్రతుల్లో పాఠభేదాలు, అంటే ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ మాటల తేడాలు, ఉన్నాయని ఫాండర్ ఒప్పుకోవలసి వచ్చింది. చర్చ రెండు రోజులకే ముగిసింది. ఒప్పుకోవడంలో తప్పులేదు, అది నిజమే. అయితే ముందే చెప్పి ఉంచని నిజాన్ని వాదన మధ్యలో ఒప్పుకుంటే అది ఓటమిలా వినిపిస్తుంది.

కాబట్టి విశ్వాసికి ముందే తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. కొత్త నిబంధన గ్రీకు చేతిరాత ప్రతులు 5,000కు పైగా ఉన్నాయి, వాటి మధ్య తేడాల్లో ఎక్కువ భాగం అక్షరదోషాలు, పదాల వరుస. పెద్దవి రెండు: మార్కు 16:9-20, యోహాను 7:53-8:11. నాలుగో శతాబ్దపు సైనాయి, వాటికన్ ప్రతుల్లో ఇవి లేవు. యేసు గురించి బైబిలు బయటి ఆధారం అడిగితే సుమారు 116లో రోమా చరిత్రకారుడు టాసిటస్ రాసిన మాటలు, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిన యూదుల చరిత్ర ఇరవయ్యో సంపుటంలో యేసు సహోదరుడైన యాకోబు ప్రస్తావన చెప్పండి. జోసీఫస్ పద్దెనిమిదో సంపుటంలో యేసు గురించి ఉన్న ప్రసిద్ధ వాక్యంలో క్రైస్తవ లేఖకుల చేయి పడిందని పండితుల్లో అధికులు అంటారు. దాన్ని ముందుకు తోస్తే మిగతా ఆధారం కూడా అనుమానంలో పడుతుంది. డార్విన్ మరణశయ్య మీద మారుమనస్సు పొందాడన్న కథ 1915లో అచ్చయింది. ఆయన మరణ సమయంలో పక్కనే ఉన్న కూతురు 1922లో దాన్ని ఖండించింది. యెహోషువ కాలపు ‘తప్పిపోయిన రోజు’ను నాసా కనుగొన్నదన్న మాటా కట్టుకథే. ఇలాంటిది ఒక్కటి పట్టుబడితే పునరుత్థానం గురించి చెప్పే మాట వినేవారుండరు.

సామాన్యుల చేతికి పనిముట్లు తిరిగి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో. 1866లో లండన్ ప్రసంగీకుడు స్పర్జన్ నలుపు (పాపం), ఎరుపు (క్రీస్తు రక్తం), తెలుపు (శుద్ధి) పేజీలు మాత్రమే ఉన్న అక్షరాల్లేని పుస్తకం గురించి ప్రసంగించాడు; 1875లో అమెరికా సువార్తికుడు మూడీ పరలోకానికి గుర్తుగా బంగారు రంగు చేర్చాడు. 1962లో ఫ్లోరిడాలో జేమ్స్ కెన్నెడీ మొదలుపెట్టిన శిక్షణ రెండు ప్రశ్నల మీద నడిచింది: ఈ రాత్రి చనిపోతే పరలోకానికి వెళతావని నీకు నిశ్చయముందా? ఎందుకు రానివ్వాలని దేవుడు అడిగితే ఏం చెబుతావు? 1965లో బిల్ బ్రైట్ ‘నాలుగు ఆత్మీయ నియమాలు’ చిన్న పుస్తకంగా అచ్చయింది. వీటిని తక్కువ చేయనక్కర్లేదు, నోరు విప్పని లక్షలమందికి అవి మాట ఇచ్చాయి. అయితే ఇవన్నీ దేవుడొక్కడే ఉన్నాడని, పాపమంటే ఏమిటో, పరలోకమంటే ఏమిటో అంతో ఇంతో తెలిసినవారి కోసం తయారైనవి. దేవుడున్నాడా అని అడిగేవారి ముందు, జన్మలు అనేకమని నమ్మేవారి ముందు అదే వరుస చదివితే రెండో వాక్యానికే తెగిపోతుంది. అక్కడ పౌలు ఏథెన్సులో చేసినట్టు సృష్టికర్త దగ్గర మొదలుపెట్టి, యేసు దగ్గరకు తర్వాత రావాలి.

ప్రశ్న వచ్చినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది దాని రకం. సమాచారం అడుగుతున్నారా, అభ్యంతరం చెబుతున్నారా, బాధ చెప్పుకుంటున్నారా? ‘దేవుడుంటే ఇలా ఎందుకు జరిగింది?’ అన్న ప్రశ్న ఎక్కువసార్లు మూడో రకం. దానికి తర్కంతో జవాబివ్వడం యోబు స్నేహితులు చేసిన తప్పే. ‘ఎందుకలా అనిపించింది?’ అని ఒకసారి అడిగితే రకం తెలుస్తుంది. జవాబు రెండు మూడు నిమిషాలు దాటకూడదు. తెలియనిది తెలియదని చెప్పి, ఎప్పటిలోగా చూసి చెబుతారో చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. జవాబులను ముందే తోటి విశ్వాసులతో సరిచూసుకోవాలి. 1948లో ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్తవ రచయిత సి. ఎస్. లూయిస్ ‘మిరకిల్స్’ (అద్భుతాలు) పుస్తకంలోని ఒక వాదనలో లోపాన్ని ఎత్తి చూపిన తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కూమ్ కూడా విశ్వాసే. ఆ అధ్యాయాన్ని ఆయన 1960 ముద్రణలో మార్చి రాశాడు.

2011లో ప్రపంచ సంఘాల మండలి, వాటికన్, ప్రపంచ ఇవాంజెలికల్ అలయన్స్ కలిసి విడుదల చేసిన ప్రవర్తనా సూచనలు డబ్బు, వస్తువులతో ఆశ చూపడాన్ని, బలవంతాన్ని, ఇతరుల మతం గురించి అబద్ధసాక్ష్యాన్ని తోసిపుచ్చాయి. మతం మార్చుకోవడం పెద్ద నిర్ణయం గనుక ఆలోచించుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలని కోరాయి. కరపత్రం చివరి పేజీలో ప్రార్థన చేయించి లెక్క రాసుకునే అలవాటుకు ఇది సూటిగా తగిలే మాట. ఆదిసంఘం పద్ధతి మరీ నిదానం. ‘అపొస్తలుల సంప్రదాయం’ అనే పాత నియమావళి ప్రకారం కొత్తవారు మూడేళ్లు వాక్యం వినాలి. ఆసక్తి ఉన్నవారి విషయంలో కాలాన్ని కాక ప్రవర్తనను చూడాలి. మొదటి రోజున బోధకులు వారు ఎందుకు వచ్చారో అడిగేవారు, తీసుకొచ్చిన విశ్వాసి వారి గురించి సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది.