ఒక్క పట్టా మీద నడిచిన రైలు

ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియానికి పిల్లలతో వెళ్తే వాళ్లు సిమ్యులేటర్ వదలరు, వదిలితే టాయ్ ట్రైన్ క్యూలో ఉంటారు. నన్ను మాత్రం పాటియాలా మోనోరైలు దగ్గర నుంచి లాక్కురావాలి. మా అమ్మాయి దాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "నాన్నా, ఇది పక్కకి పడిపోదా?" అంది. అసలు అడగాల్సింది అదే.

పాటియాలా సంస్థానంలో 1907లో వేశారు దీన్ని, 1927 దాకా నడిచింది. రోడ్డు అంచున ఒకే ఒక్క పట్టా, దాని మీద రెండు పక్కలా అంచులున్న చక్రాలు. బండికి ఒక పక్కన ఒక పెద్ద చక్రం మామూలు రోడ్డు మీదే దొర్లుతుంది. మొదట కంచరగాడిదలు లాగాయి, తర్వాత బెర్లిన్ నుంచి ఆవిరి ఇంజన్లు వచ్చాయి.

కిటుకంతా గరిమనాభిలో, అంటే బండి బరువంతా పోగుపడినట్టు లెక్కేసే బిందువులో ఉంది. అది సరిగ్గా పట్టా మీద ఉంటే చిన్న కుదుపుకే బండి అవతలికి బోర్లా పడుతుంది, నిమ్మకాయలూ మిరపకాయలూ ఎన్ని కట్టినా ఆగదు. అందుకని దాన్ని కావాలనే కొంచెం రోడ్డు చక్రం వైపు జరుపుతారు. చేతికర్రతో నడిచే ముసలాయన కొద్దిగా కర్ర వైపు వాలినట్టు. లెక్క కోసం బండి 10 టన్నులు, చక్రం పట్టాకి 2 మీటర్ల దూరం, గరిమనాభి 10 సెంటీమీటర్లు జరిగింది అనుకుందాం. అప్పుడు చక్రం మీద పడేది 5 శాతం, అంటే 500 కిలోలే. మిగతా 9,500 పట్టా మోస్తుంది. (బలం ఎంత దూరంలో పడితే ఎంత తిప్పుతుందో చెప్పే బలభ్రామకాల పాఠం సూత్రంతో కాకుండా ఈ బండితో మొదలుపెడితే ఎంత బాగుండు!)

ఇక లాగుడు. ఉక్కు మీద ఉక్కు దొర్లితే నిరోధం బరువులో 0.002 వంతు అనుకోండి, మట్టిరోడ్డు మీద 0.05. పట్టా వైపు 19 కిలోల బలం చాలు, రోడ్డు చక్రానికి 25 కావాలి! ఇరవయ్యో వంతు బరువు మోసే చక్రం సగానికి పైగా బలం తినేస్తోంది. అయినా మొత్తం 44 కిలోలే, అదే బండి పూర్తిగా మట్టిరోడ్డు మీద నడిస్తే 500. పైగా ఆ 25 కిలోలు ఒక పక్కనే పడతాయి కాబట్టి బండి అటు తిరగబోతుంది, చక్రాల అంచులు దాన్ని ఆపుతాయి. బస్తాలు పేర్చేవాడు మాత్రం అన్నీ అవతలి పక్కకి వేశాడో, జరిపిన ఆ 10 సెంటీమీటర్లూ మాయం.

మలుపులో ఇంకా టెన్షన్. రోడ్డు చక్రం లోపలి వైపు వచ్చిందంటే మలుపులో బయటికి తోసే అపకేంద్ర బలం దాన్ని పైకి లేపుతుంది. మలుపు వ్యాసార్థం 50 మీటర్లు, గరిమనాభి పట్టా నుంచి మీటరు ఎత్తు అనుకుంటే, సెకనుకి 7 మీటర్లు దాటగానే చక్రం గాలిలోకి లేస్తుంది. అంటే గంటకి 25 కిలోమీటర్లు. బరువు లాగే కంచరగాడిద అంత వేగం ఎలాగూ పోదు, జాగ్రత్తగా ఉండాల్సింది ఇంజన్ డ్రైవరే.