కొండ మీద వైర్‌లెస్ రిలే: పరికరాలు మార్చే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

కొండ పల్లెలకి గాలిలోనే ఇంటర్నెట్ పంపేది నేపాల్‌లో మహాబీర్ పున్ నాంగీ గ్రామంలో మొదలుపెట్టిన నెట్‌వర్క్ అయినా, హిమాచల్‌లోని ధర్మశాలలో ఎయిర్‌జల్దీ సంస్థ అయినా పద్ధతి ఒకటే. కింద ఇంటర్నెట్ లైను ఉన్న ఊరు, మధ్యలో అందరికీ కనబడే కొండ మీద సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రేడియోలు (అదే రిలే), అవతల లోయల్లో పల్లెలు. స్పీడ్ తగ్గిందంటే చాలు, రేడియోలు బిగించే మాలాంటివాళ్లకి ఫోన్ వస్తుంది: "అన్నా, పైన డబ్బాలు మార్చేద్దామా?" డబ్బా, అంటే రేడియో, ఆఖర్న మార్చేది అన్నదే నా జవాబు. ఎందుకో చెబుతాను.

అపోహ: కొత్త రేడియో పెడితే స్పీడ్ దానంతటదే పెరుగుతుంది.

అట్ట పెట్టె మీద 867 ఎంబీపీఎస్ అని ఉంటుంది. అది 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్లో (సిగ్నల్ నడిచే దారిలో), గాలిలో వెళ్లే వేగం. రానూ పోనూ కలిపి చేతికి దక్కేది దాదాపు సగం. పైగా చానల్‌ని 20 నుంచి 80కి వెడల్పు చేస్తే లోపలికి వచ్చే రొద 6 డీబీ, అంటే నాలుగు రెట్లు, అవుతుంది. ఎత్తున ఉన్న రేడియోకి లోయలోని ప్రతి వైఫై వినబడుతుంది కాబట్టి కొండ మీద ఇది ఇంకా ఇబ్బంది. నిలకడగా నడిచే 40 మెగాహెర్ట్జ్ ముందు ఊగిసలాడే 80 ఎందుకూ పనికిరాదు. అసలు కింది లైనే 100 ఎంబీపీఎస్ అయితే పైన ఏం మార్చినా ఒరిగేదేమీ లేదు.

అపోహ: పాత కేబుల్ బాగానే పనిచేస్తోంది, దాన్నే వాడేద్దాం.

నేను ఎక్కువగా చూసే గొడవ ఇదే. రేడియోకి డేటానీ, కరెంటునీ కూడా పైకి మోసుకెళ్లే ఈథర్నెట్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. పాత రేడియో 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలే వాడుకుంటుంది. మిగతా రెండిట్లో ఒకటి తుప్పు పట్టినా, పైకి కరెంటు అందుతున్నంత కాలం ఎవరికీ తెలియదు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రేడియోకి నాలుగూ కావాలి. దాన్ని తగిలించగానే లింక్ పడుతూ లేస్తూ ఉంటుంది, అందరూ కొత్త రేడియోనే తిడతారు.

చవగ్గా వచ్చే కేబుళ్లలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉంటుంది. నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లు పైనే, అందుకే పొడవాటి టవర్ చివరికి వోల్టేజీ పడిపోతుంది. స్వచ్ఛమైన రాగి, ఎండకు తట్టుకునే నల్ల తొడుగు ఉన్నదే తీసుకోండి. పైపులో దూర్చి లాగండి. ధర్మశాలలో కోతులు యాంటెన్నాలు పట్టుకుని ఊగుతాయట. తిరుమల కొండవైపు వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

ఇంజెక్టర్ (ఈథర్నెట్ కేబుల్లోకి కరెంటు ఎక్కించే పెట్టె) కూడా చూసుకోవాలి. పాసివ్ అంటే రేడియోకి ఎంత కావాలో అడక్కుండానే కరెంటు పంపేది. 24 వోల్టుల పాసివ్ రేడియోకి 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ తగిలిస్తే అది మాడిపోవచ్చు. 48 కావాల్సినదానికి 24 ఇస్తే లేవదు.

అపోహ: సోలార్ ఉందిగా, కరెంటుకి టెన్షన్ లేదు.

లెక్క వేద్దాం. ఒక్కొక్కటి 8 వాట్ల పాత రేడియోలు మూడు ఉంటే రోజుకి 576 వాట్-అవర్లు. 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో సగం వరకే వాడుకుంటే 900 వస్తుంది, అంటే ఎండ లేకపోయినా ఒకటిన్నర రోజు. వాటి స్థానంలో 16 వాట్లవి పెడితే రోజుకి 1,152 కావాలి. అదే బ్యాటరీ 19 గంటలు కూడా లాగదు. వేసవిలో బిగించినవాళ్లకి ఈ తేడా శ్రావణంలో ముసురు పట్టాక తెలుస్తుంది.

అపోహ: ఎదుటి కొండ కంటికి కనిపిస్తే చాలు.

చాలదు. 10 కిలోమీటర్ల లింకుకి 5.8 గిగాహెర్ట్జ్‌లో మధ్య దారిలో చూపు రేఖ చుట్టూ 11 మీటర్లకు పైగా ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్ పరుచుకుని వెళ్లే మేర) ఉంటుంది. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. లింక్ వేసిన కొత్తలో లేని చెట్టు ఇప్పుడు అందులోకి పెరిగి ఉండొచ్చు. ముందు అది చూడండి.

అపోహ: వానకి సిగ్నల్ పోతుంది.

60 గిగాహెర్ట్జ్‌లో నిజమే. 5 గిగాహెర్ట్జ్‌లో వాన వల్ల పోయేది కొద్ది డీబీలే. వాన పడ్డప్పుడే లింక్ పోతుంటే కనెక్టర్లోకి నీళ్లు దిగాయేమో, గాలికి డిష్ తిరిగిందేమో చూడాలి.

అపోహ: పవర్ పెంచితే సరి.

మీ గొంతు పెరుగుతుంది గానీ, అవతలివాళ్లు చెప్పేది మీకు బాగా వినబడదు. పెద్ద డిష్ అయితే రెండువైపులా మేలు. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగానికి 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు గానీ పవర్‌కి హద్దు ఉంది. డిష్ బలం కూడా అందులో లెక్కే.

అపోహ: ఎర్త్ వేశాం, పిడుగు భయం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఎర్త్ నష్టాన్ని తగ్గిస్తుంది, గ్యారంటీ ఇవ్వదు. టవర్‌కొక ఎర్త్, సోలార్‌కొక ఎర్త్ వేసి రెండిటినీ కలపకుండా వదిలేయడం మరీ ప్రమాదం. పిడుగు పడ్డప్పుడు వాటి మధ్య వచ్చే వోల్టేజీ తేడా మీ పరికరాల గుండానే వెళుతుంది.

అపోహ: పాతది దింపి కొత్తది ఎక్కిస్తే పని అయిపోయినట్టే.

లింకు రెండు చివర్లూ ఒకే భాష మాట్లాడాలి. కంపెనీల సొంత ప్రోటోకాల్స్ ఒకదానితో ఒకటి కలవవు, కాబట్టి జతగా మార్చండి. పాత లింకు నడుస్తుండగానే కొత్తది పక్కన బిగించి, వేరే చానల్లో కొన్నాళ్లు నడిపి, తర్వాత ట్రాఫిక్ మళ్లించండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దూరపు చివర ముందు చేయాలి. దగ్గరిది ముందు చేసి లింక్ తెగితే దూరపుదాన్ని ఇక ఇక్కణ్నుంచి ముట్టుకోలేరు, కొండ ఎక్కాల్సిందే. దింపిన రేడియో, దాని ఇంజెక్టర్, సెట్టింగుల కాపీ మాత్రం పైన పెట్టెలోనే తాళం వేసి ఉంచండి, కింద ఆఫీసు బీరువాలో వద్దు.