పాలపన్ను వెనక దాగిన పన్ను

మన ఇళ్లలో పిల్లలు అడుగులేస్తే అరిసెలు పంచుతారు. ఆ అరిసెలు అయిపోకముందే మూతి పగలడం కూడా మామూలే. నడక నేర్చే పిల్లలు ఎన్నిసార్లు పడతారో న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ బృందం ఓపిగ్గా లెక్కపెట్టింది. 2012లో వచ్చిన ఆ లెక్క ప్రకారం 12 నుంచి 19 నెలల పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు.

వెనక్కి కూలబడితే పెద్దగా ఏమీ కాదు. ముందుకు పడితేనే తంటా. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల పెద్దది. పడేటప్పుడు చటుక్కున చేతులు అడ్డం పెట్టుకునే ఒడుపు ఇంకా వచ్చి ఉండదు. గడపకో, టీపాయ్ అంచుకో, బాత్రూం గచ్చుకో మూతే ముందు తగులుతుంది. అందుకే పాలపళ్లకు దెబ్బలు రెండు మూడేళ్ల వయసులో, అదీ ఇంట్లోనే ఎక్కువ. నడక త్వరగా వస్తుందని కొనే చక్రాల వాకర్ కూడా ఈ జాబితాలోదే. మెట్ల మీంచి దొర్లిపడ్డ పిల్లలను చూసి చూసి కెనడా 2004లో వాటిని పూర్తిగా నిషేధించింది. మన దగ్గర ఇప్పటికీ పుట్టినరోజు కానుకగా ఇస్తున్నాం!

ఎక్కువగా దెబ్బ తినేవి పైవరస మధ్యలోని రెండు పళ్లు. ఎత్తుపళ్లుంటే, పై పెదవి వాటిని పూర్తిగా కప్పకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి వేలు చీకితే పళ్లు అలా ముందుకొస్తాయి. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి 2018లో వేసిన అంచనాలో, పాలపళ్లకు ఇలాంటి దెబ్బ తగిలిన పిల్లలు దాదాపు 23 శాతం.

ఇక్కడో విచిత్రం ఉంది. పదేళ్ల పిల్లాడు పడితే పన్ను సాధారణంగా విరుగుతుంది. రెండేళ్ల పాప పడితే విరగడం కన్నా కదలడమే ఎక్కువ. సిమెంటులో పాతిన గుంజను బండి గుద్దితే గుంజ విరుగుతుంది, తడిమట్టిలో పాతినదైతే పక్కకు ఒరుగుతుంది. పసిపిల్లల దవడ ఎముక ఆ తడిమట్టి లాంటిది, మెత్తగా సాగుతుంది. పాలపళ్ల వేళ్లు కూడా పొట్టివి. అందుకే పన్ను లోపలికి వంగుతుంది, వదులవుతుంది, ఒక్కోసారి చిగురులోకి దిగిపోయి కనిపించకుండా పోతుంది. పన్ను ఊడిపోయిందనుకుని ఇల్లంతా వెతుకుతారు, అదేమో చిగురులోనే ఉంటుంది! అలా దిగిన పన్ను చాలాసార్లు కొన్ని నెలల్లో తనంతట తనే కిందికొస్తుంది. డాక్టరు ముందు చేసేది కూడా చాలావరకు కనిపెట్టి ఉండడమే.

"ఎలాగూ ఊడే పన్నే కదా" అని వదిలేయకూడదు. పాలపంటి వేరుకు వెనక, అంగిలి వైపు, రాబోయే శాశ్వత దంతం మొగ్గగా తయారవుతూ ఉంటుంది. దాని పైభాగం మూడు నాలుగు నెలల వయసులో గట్టిపడడం మొదలై, నాలుగైదేళ్లకు గానీ పూర్తవదు. ఈలోగా పాలపన్ను లోపలికి గుచ్చుకుంటే ఆ మొగ్గకు దెబ్బ తగలొచ్చు. పాలపన్ను పూర్తిగా ఊడొస్తే తిరిగి పెట్టకూడదనేదీ ఇందుకే, పెట్టే ప్రయత్నంలో మొగ్గ నలుగుతుంది. అదే ఎనిమిదేళ్ల పిల్లాడి శాశ్వత దంతమైతే పద్ధతి పూర్తిగా వేరు. వేరును ముట్టుకోకుండా పట్టుకుని వెంటనే దాని చోట పెట్టాలి. కుదరకపోతే పాలల్లో వేసి దంతవైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. ఎండిపోతే పన్ను దక్కే ఆశ తగ్గుతుంది.

దెబ్బ తిన్న పాలపన్ను కొన్నాళ్లకు బూడిదరంగుకు తిరగొచ్చు. రంగు మారినంత మాత్రాన తీయించనక్కర్లేదు. చిగురు మీద చీముపొక్కు లేస్తే, వాస్తే మాత్రం ఆగకూడదు.

ఏడేళ్లకు వచ్చిన కొత్త ముందుపంటి మీద తెల్లటి మచ్చో, గోధుమరంగు గుంటో కనిపిస్తుంది. సరిగ్గా తోమడం లేదని పిల్లకు చీవాట్లు పడతాయి. డాక్టరు మాత్రం తల్లినే అడుగుతారు: "చిన్నప్పుడు ఎప్పుడైనా మూతి మీద పడిందా అమ్మా?"