లోయలను మంచు తవ్విందా? నూరేళ్లు సాగిన వాదన

ఆల్ప్స్ లోయల్లో అక్కడి నేలకు సంబంధం లేని రకం బండరాళ్లు కనిపిస్తాయి. కొన్ని ఇల్లంత ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పండితులు చాలామంది వాటిని మహాప్రళయం మోసుకొచ్చిందనేవారు. స్విట్జర్లాండ్‌లోని వాలే ప్రాంతంలో కొండల్లో వేటాడే జాన్ పియర్ పెరొడాన్‌కు ఆ మాట నచ్చలేదు. అంత బరువును నీళ్లు మోయలేవు. పైగా లోయలో బండల మీదున్న గీతలు మంచు రాపిడి వల్ల పడినవేనని అతనికి అనిపించింది. అంటే ఒకప్పుడు లోయ మొత్తం మంచుతో నిండి ఉండాలి. 1815లో తన ఇంట్లో బస చేసిన గనుల అధికారి షార్పాంటియేకి ఇదే చెప్పాడు. ఆయన కొట్టిపారేశాడు. ఇంజినీర్ వెనెట్స్ మాత్రం నమ్మాడు, ఏళ్ల తర్వాత షార్పాంటియేనూ ఒప్పించాడు. వాళ్ల నుంచి విన్న ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసీ 1837లో 'మంచుయుగం' అని ప్రకటించేసరికి పేరంతా ఆయనకే వచ్చింది. నా లెక్కలో మొదటి గౌరవం పెరొడాన్‌దే.

అయితే మంచు అక్కడ ఉండేదని ఒప్పుకోవడం వేరు, లోయను అదే తవ్విందనడం వేరు. అసలు గొడవ ఇక్కడే మొదలైంది. రాయి కంటే మెత్తనైన మంచు రాయిని ఎలా కోస్తుంది?

నిజానికి కోసేది మంచు ఒక్కటే కాదు. హిమానీనదం, అంటే మెల్లగా కదిలే మంచు ప్రవాహం, అడుగున ఇరుక్కున్న రాళ్లు, ఇసుక కింది బండను గీకుతూ పోతాయి. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి, మంచు ముందుకు కదిలినప్పుడు రాతి ముక్కలు ఊడి వస్తాయి. నది తన పాయ కిందే తవ్వుతుంది కాబట్టి కొండల్లో దాని లోయ 'వి' ఆకారంలో ఉంటుంది. హిమానీనదం అడుగునూ పక్కలనూ కలిపి అరగదీస్తుంది కాబట్టి 'యు' ఆకారం వస్తుంది. పక్క నుంచి కలిసే చిన్న హిమానీనదం అంత లోతుకు తవ్వలేదు. మంచు కరిగాక దాని లోయ గోడ మీద ఎత్తున ఉండిపోతుంది, అక్కడి నుంచి జలపాతం దూకుతుంది. అమెరికాలోని యోసెమిటీలో ఉన్న బ్రైడల్‌వీల్ జలపాతం అలాంటిదే.

1862లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఆండ్రూ రామ్సే ఇంకో అడుగు ముందుకేశాడు. ఆల్ప్స్‌లో చాలా సరస్సులు గట్టి రాతిలోని లోతైన గుంటల్లో ఉన్నాయి. నది అలాంటి పెద్ద గుంటను తవ్వలేదు, ఎందుకంటే నీళ్లు పల్లానికే పారతాయి. మంచు అలా కాదు: వెనకనున్న మందపాటి మంచు బరువు నెడుతుంటే అడుగు మంచు ఎత్తుకు కూడా ఎక్కగలదు. కాబట్టి ఆ గుంటలు మంచు పనే అన్నాడు. పేరున్న భూగర్భ శాస్త్రవేత్తలు ఎదురు తిరిగినా ఈ వాదనకు ఉన్న బలం తగ్గలేదు.

యోసెమిటీ మీదా ఇదే పోరు. నేల కుంగడం వల్ల లోయ ఏర్పడిందని కాలిఫోర్నియా రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ అన్నాడు. మంచే చెక్కిందని ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ 1871లో పత్రికలో రాశాడు. 1930లో భూగర్భ శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మాథెస్ నివేదిక వివరంగా తేల్చింది: మొదట నది తవ్వింది, తర్వాత మంచు దాన్ని లోతుగా, వెడల్పుగా మార్చింది.

ఇప్పటికీ తేలని సంగతులున్నాయి. అడుగున నీరు ఉన్న మంచు జారుతూ తవ్వుతుంది. బండకు గడ్డకట్టుకుపోయిన మంచు మాత్రం దాదాపు ఏమీ తవ్వదు, కింది నేలను కాపాడుతుంది కూడా. అందుకే ఒకే ప్రాంతంలో లోతుగా కోసుకుపోయిన లోయ పక్కనే మంచు కప్పినా చెక్కుచెదరని పాత పీఠభూమి ఉండొచ్చు. ఏ రాయి మీద నుంచి మంచు ఎప్పుడు తొలగిందో కనుక్కోవడానికి ఇప్పుడు బెరీలియం-10 పరమాణువులను కొలుస్తున్నారు; మంచు తొలగి బయటపడ్డ రాతికి అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు తగిలి అవి దానిలో పోగవుతాయి.